మాస్టర్ అడిగిన బుధవారం

గవర్నర్‌పేటలో ఒక మందుల హోల్‌సేల్ షాపు పైన నా ఆఫీసు. చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్లకి జీఎస్టీ రిటర్నులు వేయడం, ఆదాయపు పన్ను లెక్కలు చూడడం, పనివాళ్లకి పీఎఫ్, ఈఎస్ఐ లాంటివి కట్టించడం నా పని. వచ్చేవాళ్లందరూ పన్ను గురించే వస్తారు. కాగితాలు బల్ల మీద పెడతారు, అడగవలసింది అడుగుతారు, సంచి సర్దుకుని లేస్తారు, మళ్లీ కూర్చుంటారు. అసలు సంగతి అప్పుడు మొదలవుతుంది. "మేడం, మా దగ్గర పనిచేసే ఒకతను ఉన్నాడండీ..." అంటూ. పన్నుకైతే రేటుంది, గడువుంది. మనుషుల గురించి అడిగినప్పుడు మాత్రం నేనూ ఆలోచించి చెప్పాల్సిందే.

భవానీపురంలో కర్రీ పాయింట్ నడిపే ఆవిడ కూడా మొదట పన్ను గురించే వచ్చింది. యాభై దాటిన మనిషి. నూలు చీర, మెడలో చిన్న శిలువ, చేతిలో బిల్లులు కుక్కిన బట్టలషాపు సంచి. ఆమె భర్త పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ మూతపడ్డాక, ఇంట్లోనే పప్పు, చారు, ఒక వేపుడు చేసి అమ్మడం మొదలుపెట్టింది. చర్చిలో పరిచయస్తులే తొలి గిరాకీ. తర్వాత రోడ్డు మీద చిన్న షాపు తీసుకుంది, ఆ పక్క షాపు కూడా కలుపుకుంది. నేను చూసేనాటికి మధ్యాహ్నం పూట ఆ షాపు ముందు బళ్లు ఆపుకోవడానికి చోటుండేది కాదు. అన్నం ఇంట్లో వండుకుని కూరలు కొనుక్కెళ్లే ఉద్యోగస్తులు, గదుల్లో ఉండే బ్యాచిలర్లు, పిల్లల్ని స్కూలు నుంచి తీసుకెళ్తూ ఆగే తల్లులు, అందరూ అక్కడే కనిపించేవారు. నా ఇల్లూ భవానీపురమే కాబట్టి నేనూ ఆ జనంలో ఒకదాన్ని.

ఆ రోజు ఆవిడ సందేహం ఫ్రిజ్ గురించి. పెద్ద ఫ్రిజ్, గ్రైండర్ కొన్నది. వాటి మీద కట్టిన జీఎస్టీని తాను కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవచ్చని ఎవరో చెప్పారట.

"మీకు కుదరదండీ," అన్నాను. "వండిన తిండి అమ్మేవాళ్లకి రేటు తక్కువ పెట్టారు. దానికి బదులుగా మీరు కొన్నవాటి మీద కట్టిన పన్ను వెనక్కి రాదు."

"అంటే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నారన్న మాట. నేనూ అంతేలెండి. పప్పు కాస్త ఎక్కువేసి వేపుడు కాస్త తగ్గిస్తా," అని నవ్వింది. అప్పుడే నాకు ఆవిడ నచ్చింది.

లేవబోయి మళ్లీ కూర్చుంది. "మరి పనివాళ్లకేవన్నా కట్టాలాండీ? ఎనిమిది మందో తొమ్మిది మందో ఉన్నారు."

పది మంది అయితే ఈఎస్ఐ వర్తిస్తుందని, అప్పుడు వాళ్లకి, ఇంట్లోవాళ్లకి వైద్యం దొరుకుతుందని చెప్పాను. అంతకంటే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయన్నాను. ఎవరు ఎప్పుడు వచ్చారో రాసుకునే హాజరుపట్టీ పెట్టండి, వారానికో రోజు సెలవు ఇవ్వండి, అది చట్టంలోనే ఉంది, అందరికీ ఒకే రోజు కాకుండా వంతులవారీగా ఇవ్వండి, ఒక్కో కూర ఇద్దరికి వచ్చేలా చూసుకోండి అని చెప్పాను.

ఆవిడ నా మాటలకి నొచ్చుకున్నట్టు చూసింది. "మాకు అయ్యన్నీ ఎందుకండీ? మేవంతా ఒకింట్లో వాళ్లలా ఉంటాం. అవసరవైతే అడుగుతారు, ఇస్తాను. హాజరుపట్టీ పెడితే వాళ్లేవనుకుంటారు?"

అది గొప్పకి అన్న మాట కాదు. తర్వాత ఆ వంటింట్లోకి వెళ్లినప్పుడు నాకే తెలిసింది. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక అందరూ నేల మీద చాపలు పరుచుకుని కలిసి తినేవారు. ఆవిడే వడ్డించేది. పనిచేసేవాళ్ల పిల్లలకి స్కూలు బ్యాగులు కొనేది, జ్వరమొస్తే తానే ఆటో ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది. కరోనా రోజుల్లో షాపు మూసినప్పుడు కూడా ఎవర్నీ పొమ్మనలేదు.

ఆ వంటింటికి ఆయువుపట్టు మాస్టర్. వంటమనిషిని అక్కడ అందరూ మాస్టర్ అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లు దాటాయేమో, సన్నగా, మాట తక్కువగా ఉండేవాడు. ముస్లిం కుటుంబం, విద్యాధరపురంలో ఇల్లు. పెళ్లిళ్ల వంటల దగ్గర చిన్నప్పుడే చేరి పని నేర్చుకున్నాడు. ఆ షాపుకి పేరు తెచ్చిన గుత్తివంకాయ, రొయ్యల ఇగురు, చేపల పులుసు అన్నీ అతని చేతివే. రంజాన్ నెలలో పగలంతా ఉపవాసం ఉండి, రుచి చూడకుండానే ఆ కూరలన్నీ వండేవాడు. ఆ నెల గరిటె పట్టుకుని పక్కన నిలబడి రుచి చూసే పని ఆవిడది. "ఒక్కనాడు కూడా ఉప్పు తప్పలేదండీ వీడికి," అని నాతో అనేది, కన్నకొడుకు మార్కులు చెప్పుకున్నట్టు. శుక్రవారం నమాజుకి, ఎంత గిరాకీ ఉన్నా సరే, తానే గడియారం చూసి అతన్ని పంపేది.

రిటర్ను వేయాలంటే ఆవిడ ఫోనుకి ఓటీపీ రావాలి. వంట హడావుడిలో ఫోను ఎక్కడో పిండి డబ్బాల మధ్య మోగుతూ ఉంటుంది, ఎవరూ ఎత్తరు. అందుకని గడువు దగ్గర పడితే నేనే ఇంటికి భోజనానికి వెళ్తూ దారిలో ఆగి, వంటింట్లో స్టూలు మీద కూర్చుని పని ముగించేదాన్ని. అలా కూర్చున్న ఒక రోజు మాస్టర్ చేతులు తుడుచుకుంటూ ఆవిడ దగ్గరికి వచ్చాడు.

"అమ్మగారూ, బుధవారం బుధవారం మధ్యాహ్నం నాకు కాస్త సెలవు కావాలండీ."

"ఏవైందిరా?"

"పాపకండీ. మూడేళ్లు దాటినా మాటలు రావట్లేదు గదా. డాక్టరు గారు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చోటికి పంపారు. అక్కడ మాటలు నేర్పిస్తారంట. మనకి ఇచ్చిన టైము బుధవారం పన్నెండు గంటలకి."

ఆవిడ చేతిలో పని ఆపి అతని భుజం తట్టింది. "ఓస్, దీనికేనా? మా పెద్దాడికి నాలుగేళ్లొచ్చేదాకా మాట రాలేదు. ఇప్పుడు వాడి నోరు మూయించలేకపోతన్నాం. ఆడపిల్లకి ఎందుకు రావు మాటలు? నువ్వు బెంగపెట్టుకోకు. మీ ఆవిణ్ణి పంపించు, నేను ఆటో మాట్టాడతాను, ప్రతివారం వాడే తీసుకెళ్లి తీసుకొస్తాడు. ఆటో సంగతి నేను చూసుకుంటాలే."

మాస్టర్ కాసేపు నిలబడ్డాడు. ఇంకేదో చెప్పాలనుకున్నట్టుంది. ఇంతలో కౌంటరు దగ్గరనుంచి పులుసు అయిపోయిందని కేక వచ్చింది. "అట్టాగేనండీ," అని వెళ్లిపోయాడు.

ఆవిడ నావైపు తిరిగి, "పాపం, పిచ్చోడు, ఎంత భయపడ్డాడో చూశారా?" అంది. ఆమె కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. నేను ఓటీపీ కొట్టి, "ఆ మధ్యాహ్నం అతనికే కుదిర్చి చూడండి, వారానికి ఒక పూటే కదా," అన్నాను. "గుత్తివంకాయ ఎవరు చేస్తారండీ మేడం, మీరొచ్చి చేస్తారా?" అని నవ్వేసింది. చేయగల రెండోమనిషి నిజంగానే అక్కడ లేడు.

మరి కొన్ని వారాలకి మాస్టర్ ఆవిడతో నెలాఖరుకి మానేస్తానని చెప్పాడు. జీతం పెంచుతానంది. జీతం కోసం కాదన్నాడు. ఎవరైనా ఏమైనా అన్నారా అంది. ఎవరూ ఏమీ అనలేదన్నాడు. నెల చివరిదాకా రోజూ లాగే వచ్చి, రోజూ లాగే వండి, ఆఖరి రోజు గిన్నెలన్నీ తోమించి బోర్లించి వెళ్లాడు. వేపుళ్లు చేసే అమ్మాయి కూడా అతనితోపాటు మానేసింది. తర్వాత నెలలో అక్కడికి దగ్గర్లోనే, పక్క రోడ్డులో మాస్టర్ సొంతంగా కర్రీ పాయింట్ పెడుతున్నాడన్న సంగతి బయటపడింది.

ఆ సంగతి తెలిసిన రోజే ఆవిడ నా ఆఫీసుకి వచ్చింది. మెట్లెక్కి వచ్చిన ఆయాసం, కోపం, ఏడుపు అన్నీ కలిసిపోయి మాట సరిగ్గా రావడం లేదు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాను.

"కేసు పెట్టొచ్చాండీ వాడి మీద?"

"దేనికండీ?"

"నా గుత్తివంకాయ నా పక్కనే అమ్ముతాడా? నా గిరాకీని నా కళ్లముందే లాక్కుంటాడా?"

"గుత్తివంకాయ మీరు నేర్పిందా అండీ?"

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేనేం నేర్పుతానండీ. వాడే నాకు నేర్పాడు," అంది. ఆ మాట అంటూనే కాస్త నవ్వు కూడా వచ్చింది ఆవిడకి. నవ్వుతోనే మళ్లీ ఏడ్చింది.

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. అతనితో మీకు ఒప్పందం ఏమీ లేదు, ఉన్నా కూడా మనిషిని తనకొచ్చిన పని చేసుకోవద్దనలేం. ముందే చెప్పి, నెల పూర్తిచేసి వెళ్లాడు, అది మర్యాదే. ఇప్పుడు కోపం మీద ఖర్చుపెట్టే శక్తి వంటింటి మీద పెట్టండి అన్నాను. ఆవిడకి నా మాట రుచించలేదు. "ఎంత చేశానండీ వాడికి. ఒక్క మాట నాతో అనుంటే..." అనుకుంటూ మెట్లు దిగిపోయింది. అతను ఆ ఒక్క మాట అనడం, ఆవిడ ప్రేమగా భుజం తట్టి కాదనడం నేను పక్కనే కూర్చుని విన్నాను. ఆ కోపంలో అది గుర్తుచేయబుద్ధి కాలేదు.

తర్వాత వారం మాస్టరే నా గుమ్మంలో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వంటింటి బయట అతన్ని చూడడం అదే మొదలు. ఫుడ్ లైసెన్సు తీసుకోవాలి, జీఎస్టీ ఎప్పుడు అవసరమవుతుందో తెలుసుకోవాలి.

"ఇంకెవరూ తెలీదు మేడం. మీరు అమ్మగారికి చేస్తారు గదా, నాకు చెయ్యరేమో అనుకున్నా. అయినా అడుగుదామని వచ్చా."

"ఆవిణ్ణి అడిగి చెప్తాను. ఆవిడ నా క్లయింటు. ఒద్దంటే ఇంకొకరి నంబరు ఇస్తాను, మంచివాళ్లదే. ఒప్పుకుంటే మాత్రం మీ సంగతులు ఆవిడకి, ఆవిడ సంగతులు మీకు నా నోటి నుంచి రావు. సరేనా?"

అతను తలూపాడు. వెళ్లేముందు నేనే అడిగాను. "పాపకి ఎలా ఉంది?"

అతని మొహం విచ్చుకుంది. "వెళ్తన్నామండీ. అక్కడ పిల్లకి నేర్పటం తక్కువ, మనకి నేర్పటం ఎక్కువ మేడం. అద్దం ముందు కూర్చోబెట్టుకోవాలి, మన పెదాలు చూపించాలి, ఇంటికొచ్చి అదంతా మళ్లీ చెయ్యాలి. అమ్మా నాన్నా ఇద్దరూ రావాలంటారు. ఆటోలో పంపితే అయ్యేది కాదండీ అది. అమ్మగారికి చెబ్దామనుకున్నా. ఆవిడ అంత ప్రేమగా సర్దిచెప్పాక మళ్లీ కావాలని ఎట్టా అడుగుతానండీ? జీతమిచ్చే ఓనరైతే అడిగేవాణ్ణేమో. ఇంట్లో పెద్దావిడలాగా చూసే మనిషిని అడగలేకపోయా."

ఇన్నేళ్లలో ఎంతమందికో సెలవుల నియమాల గురించి చెప్పాను. రాసిపెట్టిన సెలవు ఎందుకుండాలో అంత తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు. నియమం ఉన్నచోట అడిగేవాడు ఎవరి ప్రేమనూ నొప్పించక్కర్లేదు.

ఆ సాయంత్రం ఆవిడకి ఫోన్ చేశాను. విషయం చెప్పాను. వెనకాల మూకుడులో పోపు చిటపటలాడుతోంది. "చెయ్యండి మేడం," అంది. "ఎవరో ఒకళ్లు చేస్తారుగా. మీరైతే వాణ్ణి తప్పుదారి పట్టించరు." ఫోన్ పెట్టేసింది.

మాస్టర్ షాపు చిన్నది. అరుగు మీద నాలుగు స్టీలు గిన్నెలు పట్టేంత కౌంటరు, లోపల వంట. తెరిచిన నాడే అద్దానికి "బుధవారం సెలవు" అని బోర్డు తగిలించాడు. తెలిసినవాళ్లు వద్దన్నారట, కొత్త షాపు వారంలో ఒక రోజు మూస్తే గిరాకీ నిలబడదని. అతను వినలేదు.

అయితే సొంతదారు కావడంలో ఉన్న కష్టం అతనికి తొందరగానే తెలిసొచ్చింది. అతనితో వచ్చిన అమ్మాయి, వేపుళ్లు చేసే ఆమె, ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్షలకి కట్టింది. ముప్పై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. పరీక్షలు వరసగా ఉన్నాయి, అదీ మంచి గిరాకీ వేళ. మాస్టర్ కంగారుగా నాకు ఫోన్ చేశాడు.

"అన్ని రోజులు రానంటే ఎట్టా మేడం? బెండకాయ, దొండకాయ, కాకరకాయ, అన్నీ ఆ అమ్మాయి చేతి మీదే నడుస్తన్నాయి. పరీక్ష ఈసారి కాకపోతే మళ్లీ రాసుకోవచ్చు గదండీ? ఆ అమ్మాయితో నెమ్మదిగా చెబ్దామనుకుంటన్నా. నా చెల్లెల్లాంటిదే..."

అక్కడ ఆగిపోయాడు. ఫోనులో బజారు చప్పుడు, ఎవరో కూర ధర అడగడం వినపడుతున్నాయి.

"పరీక్షలకి ఇంకా టైముంది గదా మేడం," అన్నాడు మెల్లగా. "ఈలోపల నేను ఆ వేపుళ్లు ఆ అమ్మాయి దగ్గర నేర్చుకుంటా. కౌంటరులో ఉండే అబ్బాయికి కూడా నేర్పిస్తా."

"అదే చేయండి. ఆ రోజులకి జీతం ఇస్తారో లేదో కూడా ఇప్పుడే చెప్పేయండి, తర్వాత మాట పట్టింపులుండవు."

"ఇస్తానండీ," అన్నాడు.

ఆ అమ్మాయి పరీక్షలన్నీ రాసింది. లెక్కలు ఒక్కటి పోయింది. మళ్లీ కట్టింది.

ఇటు ఆవిడ వంటిల్లు ఆ నెలల్లో నలిగిపోయింది. కొత్తగా వచ్చిన మాస్టర్లు నిలవలేదు. ఒకతను మసాలా ఎక్కువేసేవాడు, ఇంకొకతను చెప్పకుండా మానేశాడు. ఆవిడే గరిటె పట్టింది. పెద్ద గిన్నెలు కలిపి కలిపి మణికట్టు వాచి, క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని కనిపించేది. నేను వెళ్లినప్పుడు కూరల్లో తేడా తెలిసేది, నేను మాత్రం ఆ మాట అనలేదు. ఒకరోజు ఓటీపీ చెప్పి, పక్కనే పీట లాక్కుని కూర్చుంది.

"మీరు మొదట్లో ఏదో చెప్పారు గదండీ. వంతులు, సెలవులు, ఇద్దరిద్దరికి పని నేర్పటం. ఎట్టా మొదలుపెట్టాలి?"

"వాళ్లనే అడగండి, ఏ రోజు కావాలో."

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందర్నీ కూర్చోబెట్టి అడిగింది. నన్ను కూడా ఉండమంది, ధైర్యానికి కాబోలు. ఇదేదో మనుషుల్ని తీసేయడానికి వేసిన ఎత్తేమో అన్నట్టు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చివరికి పుల్కాలు చేసే పెద్దామె, అందరికంటే వయసులో పెద్ద, మొహమాటంగా అంది.

"నాకు ఏ రోజైనా పర్లేదమ్మా. ఏ రోజో ముందే తెలిస్తే చాలు. మా అమ్మాయిని చూడ్డానికి గుడివాడ పోదామనుకుంటా. నువ్వు ఎప్పుడు పొమ్మంటావో తెలీదు. నువ్వు పొమ్మన్న రోజు దానికి ఖాళీ ఉండదు."

"ఎన్నాళ్లనుంచి అనుకుంటన్నావు?"

పెద్దామె నవ్వేసింది. ఆవిడ మొహం చిన్నబోయింది. వాళ్లు అడిగినప్పుడల్లా తాను ఇచ్చానన్నది నిజమే. అడగడానికి ముందు వాళ్లు ఎంత తర్జనభర్జన పడ్డారో ఆవిడకి ఎప్పుడూ కనపడలేదు. గోడకి ఉన్న క్యాలెండరు దించి, పెన్ను నా చేతికిచ్చి, "రాయండి మేడం, సోమారం గుడివాడ," అంది. ఆ ఒక్క మాటతో మిగతావాళ్లకి మాట వచ్చింది. ఒకరికి బ్యాంకు పని, ఒకరికి బట్టలుతుక్కోవడం, ఒకరికి ఉత్తినే పడుకోవడం. వాళ్లలో ఉత్తినే పడుకుంటానన్న మనిషికి ముందు రాయమంది ఆవిడ.

వంతులు వచ్చాక మనుషులు చాలలేదు. ఇంకో నలుగుర్ని పెట్టుకుంది, దాంతో పది మంది అయ్యారు, ఈఎస్ఐలో చేర్చాం. వాటా కట్టేటప్పుడు ఆవిడ గొణిగింది. సెలవిచ్చినందుకు తనకే ఖర్చు పెరిగిందని నాతో పేచీ పెట్టింది. ఆ పేచీలో న్యాయం లేకపోలేదు. చిన్న వ్యాపారంలో ప్రతి మంచి పనీ ముందు యజమాని జేబులోంచే పోతుంది, ఫలితం ఎప్పుడో గాని కనపడదు. అదే చెప్పాను. "ఎప్పుడో అంటే నేను బతికుండగానేనా?" అంది.

తర్వాత కొన్నాళ్లకి ఒక పెద్ద ఆఫీసు వాళ్లు ఏదో శిక్షణ కార్యక్రమానికి భోజనాలు కావాలని ఆవిడ దగ్గరికి వచ్చారు. తన వంటిల్లు ఒక్కటీ అంత చేయలేదు. వదులుకోవడానికి మనసొప్పదు. నా ఆఫీసుకి వచ్చి, కుర్చీలో అటూ ఇటూ కదిలి, "మీరొక్కసారి వాడితో మాట్టాడి చూస్తారా, రొయ్యలు, వంకాయ వాడు చేసిస్తాడేమో," అంది.

"నేను మాట్లాడనండీ. మీ ఇద్దరికీ నేను లెక్కలు మాత్రమే చూస్తాను. నంబరు మీ ఫోన్లోనే ఉంది కదా."

ఫోను తీసింది. ఆవిడకి ఎప్పుడూ స్పీకరు పెట్టి మాట్లాడే అలవాటు. అవతల ఒక్క మోతకే ఎత్తాడు.

"అమ్మగారూ!"

ఆవిడ గొంతు సవరించుకుని తిన్నగా పని సంగతి చెప్పింది. ఎంతమందికి, ఏ రోజు, ఏమేమి. అతను జాగ్రత్తగా విన్నాడు. చేస్తానన్నాడు. బుధవారం కాకపోతే చాలన్నాడు.

"గురువారంలే," అంది. తర్వాత కాస్త ఆగి, "పాప ఎట్టా ఉందిరా?" అంది.

"బాగుందమ్మగారూ. నాలుగైదు మాటలు అంటంది. నీళ్లు అంటది, రా అంటది. నన్ను అబ్బా అని పిలుస్తది."

"బుధవారం నువ్వే తీసుకెళ్తన్నావా?"

"నేనూ మా ఆవిడా ఇద్దరం వెళ్తామండీ."

ఆవిడ నా బల్ల మీద ఉన్న పేపర్‌వెయిట్‌ని తిప్పుతూ ఉంది. "ఆ రోజు మా పెద్దాడి సంగతి చెప్పింది నీకు ధైర్యం వస్తదనిరా. వద్దని కాదు."

"తెలుసమ్మగారూ."

"తెలిస్తే మళ్లీ అడగొచ్చుగా?"

"రెండోసారి అడగటానికి నోరు రాలేదండీ," అన్నాడు.

ఆవిడ కళ్లు మూసుకుంది. "సరే. రొయ్యలు మంచియ్యి తీసుకో. బిల్లు మేడంగారు చెప్పినట్టు రాసి పంపు," అని పెట్టేసింది. నా వైపు చూడకుండా సంచి తీసుకుని వెళ్లిపోయింది. మెట్ల మీద ఆగి ముక్కు చీదుకోవడం వినపడింది.

ఆ భోజనాలు బాగానే జరిగాయి. ఇద్దరూ మళ్లీ ఒకటి కాలేదు, అవ్వాలని నేనూ అనుకోలేదు. అతను అతని షాపు నడుపుకుంటున్నాడు, ఆవిడ ఆవిడది. పెద్ద ఆర్డరు ఎవరికి వచ్చినా రెండోవాళ్లకి కొంత పంపుకుంటారు. క్యారేజీల రవాణా ఖర్చు ఎవరు పెట్టుకోవాలనే దాని మీద ప్రతిసారీ తగాదా పడతారు, ఇద్దరూ నాకే ఫోన్ చేస్తారు, నేను ఇద్దరికీ అదే జవాబు చెప్తాను. బుధవారం అతని గిరాకీలో సగం ఆవిడ షాపు ముందే నిలబడుతుంది.

ఈమధ్య ఒక గురువారం మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆవిడ దగ్గరనుంచి ఫోన్ వచ్చింది. ఓటీపీల రోజు కాదు, ఏమైందోనని కంగారుపడ్డాను.

"ఏం లేదు మేడం. క్యాలెండర్లో ఈ వారం నాకూ ఒక రోజు రాశారు మావాళ్లు. పుల్కాల పెద్దామె పట్టుబట్టింది. వంటింట్లోకి రావద్దన్నారండీ నన్ను. రేపల్లెలో మా అక్క దగ్గరికి బస్సెక్కా."

"మంచిపని చేశారు. ఎలా ఉంది?"

"ఏవుందండీ. మా అక్క వంట చేస్తంది. గరిటె ముట్టుకోనివ్వట్లేదు. అరుగు మీద కూర్చున్నా. ఎదురుగా అరటితోట ఉంది, చూస్తన్నా." కాస్త ఆగి, కొంచెం సిగ్గుగా అంది. "సెలవు రోజు మనుషులు ఏం చేస్తారండీ, మేడం?"

నాకూ తెలియదని నిజం చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. అక్కడ వాళ్ల అక్క భోజనానికి పిలుస్తున్నట్టుంది, ఆవిడ "వస్తన్నా" అని కేకేసి, నాకు చెప్పకుండానే ఫోను పక్కన పెట్టి లేచి వెళ్లింది. కాల్ కట్ చేయలేదు. కంచాలు పెట్టే చప్పుడు, అక్కచెల్లెళ్ల మాటలు కాసేపు నా చెవిలో వినపడుతూనే ఉన్నాయి.